హుక్ ఎక్కడ తగిలించాలి? ఎత్తు మీద పని చేయించే విశాఖ కాంట్రాక్టర్లకు సమగ్ర మార్గదర్శి

మధురవాడలో అపార్ట్‌మెంట్ సైటుకు వెళ్లినా, గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు కడుతున్న చోటికి వెళ్లినా ఇది మామూలుగా కనిపించేదే. కుర్రాడు పైన ఉంటాడు, ఒంటికి సేఫ్టీ బెల్టు ఉంటుంది, దాని తాడు కొసన ఉండే హుక్ మాత్రం భుజం మీంచి వేలాడుతూ ఉంటుంది. "హుక్ పెట్టలేదేం తమ్ముడూ?" అంటే, "ఎక్కడ పెట్టమంటారండీ?" అని ఎదురు అడుగుతాడు. అతను అడిగినదాంట్లో తప్పు లేదు. చుట్టూ చూస్తే హుక్ పట్టే చోటు నిజంగానే ఉండదు. ఆ చోటు చూపించాల్సిన బాధ్యత కాంట్రాక్టరుది. మనిషి పైకి ఎక్కాక వెతుక్కునే విషయం కాదది, కొటేషన్ రాసేటప్పుడే తేల్చాల్సిన విషయం.

స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, పోర్టు లాంటి చోట్ల పని దొరికితే అక్కడి సేఫ్టీ డిపార్ట్‌మెంటే గేటు దగ్గర ఆపి అన్నీ అడుగుతుంది. అదే కాంట్రాక్టరు అవే మనుషుల్ని తీసుకుని ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల బిల్డింగుకి రంగులు వేయిస్తే అడిగేవాళ్లుండరు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ రెండో రకం పని కోసం, సేఫ్టీ ఆఫీసర్ లేని చిన్న, మధ్యతరహా కాంట్రాక్టర్ల కోసం.

1. మీ మీద ఏ చట్టం ఉందో తెలుసుకోండి

పదిమంది, అంతకు మించి కార్మికులు ఉన్న నిర్మాణ పనికి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, దాని కింద వచ్చిన నియమాలు వర్తిస్తూ వచ్చాయి. ఫ్యాక్టరీ ఆవరణలో పని చేస్తే 1948 ఫ్యాక్టరీల చట్టం వర్తించేది. మనిషి పడిపోయే అవకాశం ఉన్న ఎత్తులో పని చేస్తుంటే కంచె గానీ మరో రక్షణ గానీ ఉండాలని అందులోని 32వ సెక్షన్, నేలలోని గుంతలకూ ఖాళీలకూ మూత గానీ కంచె గానీ ఉండాలని 33వ సెక్షన్ చెప్పేవి. పోర్టులో ఓడల పనికి 1986 నాటి డాక్ కార్మికుల చట్టం వేరేగా ఉండేది. వీటన్నిటినీ కలుపుతూ వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత నియమాల్లో కోడ్‌కి విరుద్ధం కానివి, కొత్తవి వాటి స్థానంలోకి వచ్చేదాకా కొనసాగుతాయి. కాబట్టి "చట్టం మారుతోంది కదా, చూద్దాం" అని ఆగడానికి వీల్లేదు.

నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసర్ని పెట్టాల్సిన హద్దు పాత కేంద్ర నియమాల్లో 500 మంది, కొత్త కోడ్‌లో 250 మంది. మీ దగ్గర ముప్ఫై మందే ఉంటే ఆఫీసర్ అక్కర్లేదు, కానీ ఆయన చేసే పని ఎవరో ఒకరు చేయాలి. సూపర్‌వైజర్లలో ఒకరి పేరు కాగితం మీద రాసి ఆ బాధ్యత అప్పగించండి. పని ఆపే అధికారం కూడా అదే కాగితంలో రాయండి. ఆ అధికారం ఇవ్వకపోతే ఆ నియామకం ఉత్త పేరుకే.

యజమాని విధులు పాటించనందువల్ల ప్రాణం పోతే, కోడ్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. ఇది కాక నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. "సబ్ కాంట్రాక్టుకి ఇచ్చేశాను, మనుషులు అతని వాళ్లు" అన్నంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు.

ఎత్తు అంటే ఎంత? పెద్ద కంపెనీలు పని మొదలయ్యే ముందు ఇచ్చే అనుమతి కాగితాల్లో (పర్మిట్లలో) 1.8 మీటర్లు గానీ 2 మీటర్లు గానీ దాటితే ఎత్తు పని కింద లెక్క. మీరు కూడా అదే పెట్టుకోండి. కానీ చువ్వలు పైకి లేచి ఉన్న చోట, తెరిచి ఉన్న సంపు పక్కన ఒక మీటరు ఎత్తు కూడా ప్రమాదమే. 2 మీటర్ల నుంచి పడిన మనిషి నేలను తాకేటప్పటికి గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. సెకనులో మూడింట రెండు వంతులు కూడా పట్టదు. ఆ కాస్త టైములో చేత్తో దేన్నైనా పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

2. పైకి ఎక్కే పనిని కిందకు దించండి

డ్రాయింగు ముందు పెట్టుకుని ఒక్కో పని దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది కింద చేయొచ్చా? కప్పును మోసే ట్రస్సును నేల మీదే బిగించి, రెండు కోట్లు రంగు కూడా వేసి, క్రేన్‌తో ఒకేసారి ఎత్తితే పైన మిగిలేది నాలుగు బోల్టుల పని. పైపుల వెల్డింగు, గ్రైండింగు కింద ఎంత ఎక్కువ పూర్తయితే పైన అంత తక్కువ గంటలు. ఎత్తబోయే బీమ్‌కు లైఫ్‌లైన్ (హుక్ తగిలించుకునే వైరు) నిలువు రాడ్లు, వైరు కింద ఉండగానే బిగించండి. అలా చేస్తే బీమ్ మీద కాలు పెట్టే మొదటి మనిషికి కూడా హుక్ తగిలించే చోటు ఉంటుంది. లేకపోతే లైఫ్‌లైన్ కట్టడానికి పైకి వెళ్లేవాడే ఏ రక్షణా లేకుండా వెళ్లాలి.

కింద చేయలేని పనులకు వరుస ఇలా ఉండాలి: మొదట కంచె ఉన్న చదునైన ప్లాట్‌ఫారం గానీ బూమ్ లిఫ్టు (మనిషిని తొట్టిలో పైకెత్తే యంత్రం) గానీ, కుదరకపోతే కింద వల, చివరికి బెల్టు. మన సైట్లలో ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. బెల్టు చౌక కాబట్టి మొదట బెల్టే గుర్తొస్తుంది. కంచె కట్టిన చోట ఎంతమంది తిరిగినా, ఎవరు మర్చిపోయినా కాపాడుతుంది. బెల్టు ఒక్కడినే కాపాడుతుంది, అదీ ప్రతిసారీ గుర్తుపెట్టుకుని తగిలిస్తేనే.

ఈ వరుస ప్రకారం అయ్యే ఖర్చును కొటేషన్‌లో విడి ఐటమ్‌గా చూపించండి. పరంజా, వల, లైఫ్‌లైన్, బూమ్ లిఫ్టు అద్దె విడిగా రాస్తే యజమాని బేరమాడినా ఆ లైను మీద చేయి వేయడానికి ఆలోచిస్తాడు. మొత్తం రేటులో కలిపేస్తే మొదట కోతపడేది అదే.

3. అంచులు, ఖాళీలు

స్లాబు అంచున పైకమ్మి సుమారు ఒక మీటరు ఎత్తులో, దానికి సగంలో మధ్యకమ్మి, అడుగున 150 మిల్లీమీటర్ల అడ్డపలక. పైకమ్మి మీద మనిషి వాలినా వంగకూడదు. ఎర్ర రిబ్బను కట్టడం కంచె కాదు, అది గుర్తు మాత్రమే. అడ్డపలకను చాలామంది వదిలేస్తారు. స్పానరు, ఇటుక ముక్క కింద ఉన్నవాడి నెత్తిన పడకుండా ఆపేది అదొక్కటే.

లిఫ్టు గుంత, డక్టు, మెట్ల దగ్గర వదిలిన ఖాళీ: ప్రతి అంతస్తులో వీటిని లెక్కపెట్టి, మూత గట్టిగా బిగించి, మీద రంగుతో "కింద ఖాళీ ఉంది" అని రాయండి. ఊరికే ప్లైవుడ్ ముక్క పరిచి వెళ్తే అది మరీ ప్రమాదం. సెంట్రింగ్ వాళ్లు ఆ ముక్కను మామూలు చెక్క అనుకుని రెండు చేతులా ఎత్తి, అడుగు ముందుకు వేస్తారు. చెక్క అడ్డం కాబట్టి కింద ఏముందో కనిపించదు.

4. పరంజా

సరుగుడు బాదులు, కొబ్బరి తాళ్లతో కట్టిన పరంజా ఒక అంతస్తు ప్లాస్టరింగు దాకా ఊళ్లో ఇంకా కనిపిస్తుంది. అంతకు మించితే స్టీలు పైపులే వాడండి. పరంజాలకు ఐఎస్ 3696 మొదటి భాగం, నిచ్చెనలకు రెండో భాగం, వలలకు ఐఎస్ 11057 ప్రమాణాలు. పరంజా అద్దెకిచ్చేవాళ్లతో బేరం కుదిరేటప్పుడే ఏ ప్రమాణం ప్రకారం కడతారో రాయించుకోండి.

ఇక్కడి ఎర్రమట్టి ఎండలో రాయిలా ఉండి, ఒక్క వాన పడగానే మెత్తబడుతుంది. నిలువు పైపు కింద బేస్ ప్లేటు, దాని కింద వెడల్పాటి చెక్క తప్పనిసరి. ఇటుకలు పేర్చి లెవెల్ చేయడం వద్దు. పలకలు ప్లాట్‌ఫారం వెడల్పంతా నిండాలి, చివర్లు కట్టి ఉండాలి. మనుషులు పైకి వెళ్లడానికి లోపల నిచ్చెన ఉండాలి. లేకపోతే క్రాస్ పైపులు పట్టుకునే ఎక్కుతారు. విడి నిచ్చెన వాడితే నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు బయటకు, పైన దిగే చోటికి ఇంకో మీటరు మించి ఉండేలా పెట్టి కట్టేయాలి. చక్రాల టవర్ అయితే బయట వాడేటప్పుడు ఎత్తు, అడుగు వెడల్పులో తక్కువ వైపుకి మూడు రెట్లు దాటనివ్వకండి. మనిషి పైన ఉండగా టవర్ తోయడం పూర్తిగా నిషేధం.

పరంజాను కట్టిన తర్వాత, ఆపై ఏడు రోజులకోసారి, గాలివాన వచ్చిన ప్రతిసారీ తెలిసిన మనిషి చూసి సంతకం చేయాలి. బాగుంటే పచ్చ ట్యాగు, లేకపోతే ఎర్ర ట్యాగు. ప్లాస్టరింగు మేస్త్రీ తన పనికి అడ్డమని టై (పరంజాను గోడకు పట్టి ఉంచే కట్టు) ఊడదీసి మళ్లీ పెట్టకపోవడం ఎప్పుడూ జరిగేదే. కాబట్టి రోజూ ఉదయం టైలు ఓసారి లెక్కపెట్టించండి.

5. హుక్ తగిలించే చోటు

ఇక్కడ తొందరపడకండి. బెల్టు ఎంత మంచిదైనా దాని బలమంతా అవతలి కొసలోనే ఉంది.

పడే మనిషిని ఆపేటప్పుడు వచ్చే ఈడ్పును, తాడులో మడిచి కుట్టి ఈడ్పుకు విచ్చుకునే షాక్ అబ్సార్బర్ 6 కిలోన్యూటన్ల లోపు, అంటే సుమారు 600 కిలోల బరువులోపు ఉంచుతుంది. అది ఒంటి మీద పడేది. హుక్ తగిలించే చోటు, అంటే యాంకరు, అంతకు కనీసం రెట్టింపు గట్టిగా ఉండాలి. యూరప్ ప్రమాణంలో లోహపు యాంకరు 12 కిలోన్యూటన్ల పరీక్షకు నిలవాలి. అమెరికా నియమం ఒక్కో మనిషికి 22 కిలోన్యూటన్లు, అంటే రెండుంపావు టన్నులు అడుగుతుంది. సైటులో లెక్క తేలిగ్గా గుర్తుండాలంటే రెండుంపావు టన్నులు వేలాడదీస్తే నిలిచేదే యాంకరు అనుకోండి. ఈ లెక్కతో చుట్టూ చూడండి. ప్లంబింగు పైపు, కరెంటు కండ్యూట్, కేబుల్ ట్రే, రేకుల జె-బోల్టు, పరంజా చేతికమ్మి, ఇటుకలతో కట్టిన పిట్టగోడ, బైండింగు వైరుతో కట్టిన చువ్వ ఇవేవీ పనికిరావు. గట్టి స్టీలు బీమ్, కాంక్రీట్ కాలమ్ చుట్టూ వేసిన వెబ్బింగ్ స్లింగు, పోసేటప్పుడే కాలమ్‌లో పెట్టిన ఇన్సర్టు పనికొస్తాయి. ఇన్సర్టు సైజు మేస్త్రీ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి.

మనిషి ఒకచోట నిలబడకుండా అటూ ఇటూ నడవాలంటే అడ్డంగా లైఫ్‌లైన్ కడతాం. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వైరును ఎంత బిగించి కడితే చివర్ల మీద అంత భారం పడుతుంది. మధ్యలో పడ్డ మనిషి 6 కిలోన్యూటన్లతో కిందికి లాగాడనుకోండి. వైరు 15 డిగ్రీలు కిందికి వంగితే ఒక్కో కొసన 12 కిలోన్యూటన్ల దగ్గర పడుతుంది. వీణ తీగలా బిగించి, 5 డిగ్రీలే వంగితే అదే మనిషి వల్ల 34 కిలోన్యూటన్లు, అంటే మూడున్నర టన్నులు! కొసన ఉన్న రాడ్డు వంగిపోతుంది, వెల్డింగు ఊడిపోతుంది. అలాగని వదులుగా కడితే మనిషి మరింత కిందికి దిగుతాడు. అందుకే లైఫ్‌లైన్‌ను లెక్క వేయించి, ఎంతమంది తగిలించవచ్చో బోర్డు మీద రాసి పెట్టాలి. పీపీ (ప్లాస్టిక్) తాడు లైఫ్‌లైన్ కాదు. మన ఎండకు అది పెళుసుబారి, బలం పోతుంది.

వైరు కొసన బిగించే క్లిప్పుల్ని దగ్గరికి వెళ్లి చూడండి. ఒక్కో క్లిప్పులో యు ఆకారపు బోల్టు ఒకటి, గాడి ఉన్న దిమ్మ ఒకటి ఉంటాయి. భారం మోసే పొడవు వైరు వైపు దిమ్మ, మడిచిన పొట్టి కొస వైపు యు-బోల్టు రావాలి. కనీసం మూడు క్లిప్పులు, మూడూ ఒకే వైపు. తిప్పి బిగిస్తే యు-బోల్టు భారం మోసే వైరునే నొక్కి చితకగొడుతుంది. ఒకటి ఇటు, ఒకటి అటు బిగించినవి ఎన్నో సైట్లలో కనిపిస్తాయి. స్పానరు తీసుకుని పది నిమిషాల్లో సరిచేయగల తప్పు ఇది.

చోటు మార్చుకునేటప్పుడు ఒక్క క్షణం కూడా హుక్ లేకుండా ఉండకూడదు కాబట్టి రెండు హుక్‌ల లాన్యార్డు (బెల్టును యాంకరుకు కలిపే తాడు) వాడతాం. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. వాడని హుక్‌ను నడుం దగ్గరి గట్టి రింగుకి తగిలించే అలవాటు మాన్పించండి. అలా తగిలిస్తే పడ్డప్పుడు అబ్సార్బర్ పూర్తిగా విచ్చుకోదు, ఈడ్పు నేరుగా ఒంటి మీద పడుతుంది. ఎదురు రొమ్ము పట్టీ మీద లాగితే ఊడొచ్చే చిన్న లూపు ఉంటుంది, ఖాళీ హుక్‌కి అదే చోటు.

6. కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి

హుక్ తగిలించినా నేలకు తగిలేవాళ్లున్నారు. ఎందుకంటే తాడు ఆపేలోపే కింద ఏదో ఒకటి వచ్చేస్తుంది. లెక్క ఇది: లాన్యార్డు పొడవు 1.8 మీటర్లు, అబ్సార్బర్ విచ్చుకుంటే గరిష్ఠంగా 1.75 మీటర్లు, వీపు మీది రింగు నుంచి పాదం దాకా 1.5 మీటర్లు, భద్రత కోసం 1 మీటరు. మొత్తం 6 మీటర్లు దాటింది. ఇది హుక్ తగిలించిన చోటు నుంచి కిందికి.

ఇప్పుడు మామూలు అపార్ట్‌మెంట్ తీసుకోండి. మొదటి స్లాబు నేలకు 3 మీటర్ల పైన. మనిషి నెత్తి మీద, పాదాలకు 2 మీటర్ల ఎత్తులో హుక్ పెట్టినా చోటు నుంచి నేలకు 5 మీటర్లే. చాలదు. కాళ్ల దగ్గర పెడితే 3 మీటర్లే, అప్పుడు ఆ బెల్టు ఉన్నా లేనట్టే. పైగా కాళ్ల దగ్గర తగిలిస్తే ఆగేముందు మనిషి 3 మీటర్లకు పైగా ఊరికే పడతాడు. చాలా లాన్యార్డులు దానికోసం తయారైనవి కావు, లేబుల్ చూస్తే తెలుస్తుంది. కాబట్టి కింది రెండు అంతస్తుల్లో ఆధారపడాల్సింది కంచె మీద, పరంజా మీద. అవి కుదరని చోట పొట్టి లాన్యార్డు, లేదా సీటు బెల్టులా లాగగానే పట్టేసే రిట్రాక్టబుల్ బ్లాకు నెత్తి మీద కట్టి వాడాలి. ఆ బ్లాకుల్ని అంచు మీదుగా వాడాలంటే అంచు కోతకు తట్టుకునే రకం అని లేబుల్ మీద ఉండాలి.

హుక్ తగిలించిన చోటుకి బాగా పక్కకి వెళ్లి పని చేస్తే, పడ్డప్పుడు గడియారం లోలకంలా ఊగి కాలమ్‌కు కొట్టుకుంటాడు. యాంకరు వీలైనంత వరకు పని జరిగే చోటికి నేరుగా పైన ఉండాలి.

7. బెల్టు కొనడం, రోజూ చూడడం

నడుముకు మాత్రమే కట్టే పాత బెల్టు మనిషిని పడకుండా కట్టేయడానికే తప్ప, పడేవాడిని ఆపడానికి పనికిరాదు. నడుం మీద ఆ ఈడ్పు పడితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. భుజాలు, తొడలు కూడా పట్టి ఉంచే ఫుల్ బాడీ హార్నెస్ కొనండి, ఐఎస్ 3521 గుర్తు, తయారీ తేదీ, బరువు హద్దు లేబుల్ మీద చూసి కొనండి. మనిషి బరువుకు పనిముట్ల బరువు కూడా కలిపే లెక్క చూసుకోవాలి. హెల్మెట్‌కు ఐఎస్ 2925, గడ్డం పట్టీ తప్పనిసరి. పట్టీ లేని హెల్మెట్ మనిషి కంటే ముందే కింద పడుతుంది.

సముద్రం పక్క ఊరు మనది. ఉప్పుగాలికి హుక్ నోరు మూసే గేటు లోపలి స్ప్రింగు తుప్పు పట్టి, గేటు పూర్తిగా మూసుకోకుండా కొంచెం తెరిచి ఆగిపోతుంది. తగిలించిన శబ్దం వస్తుంది కానీ మూత పడదు. రోజూ ఉదయం గేటు తెరిచి వదిలి, దానంతట అది టక్కున మూసుకుందో లేదో చూడాలి. పట్టీని రెండు చేతులతో వంచి, వంపు మీద నూలు పోగులు లేచాయా, వెల్డింగు నిప్పురవ్వకు కాలి గట్టిపడిన మచ్చ ఉందా, సిమెంటు పేరుకుందా చూడాలి. కుట్టు దారం సాధారణంగా వేరే రంగులో ఉంటుంది, తెగితే కనిపించడానికే. లేబుల్ చెరిగిపోయినా, ఒక్కసారి మనిషిని ఆపినా ఆ హార్నెస్ పని అయిపోయింది. పట్టీలు ముక్కలుగా కోసి పారేయండి. స్టోరులో పెడితే ఎవరో ఒకరు మళ్లీ వేసుకుంటారు.

వేసుకున్నాక తొడ పట్టీలో చదునైన అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. రింగు రెండు భుజాల మధ్య ఉండాలి. బెల్టు ఉతకాలంటే మామూలు సబ్బు, మంచినీళ్లు, నీడలో ఆరబెట్టడం. డాబా మీద ఎండలో వేలాడదీయకండి.

8. రేకుల కప్పు

మన దగ్గర ప్రత్యేకంగా భయపడాల్సిన పని ఇది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిపోయిన రేకులెన్నో. అలాంటి తుఫాను తర్వాత ప్రతి షెడ్డు యజమానీ "రేపటికల్లా రేకులు వేయాలి" అంటాడు. తడి రేకు, సగం ఊడిన బోల్టులు, తొందర, మూడూ ఒకేసారి కలిసేది అప్పుడే.

సిమెంటు రేకు మనిషి బరువు మోస్తుందని ఎప్పుడూ అనుకోవద్దు. పాతబడితే పైకి బాగానే కనిపిస్తుంది, అడుగు పెట్టగానే పలక పగిలినట్టు ఒకేసారి విరిగిపోతుంది. వెలుతురు కోసం వేసిన ఫైబర్ రేకు మరీ మోసం. దుమ్ము పట్టాక పక్క రేకుకూ దానికీ తేడా తెలియదు. "బోల్టు లైను మీద నడిస్తే ఏం కాదు" అని అనుభవం ఉన్న మేస్త్రీలే చెబుతారు. ఆ మాట నమ్మి మనుషుల్ని పంపకండి. ఒక కాలు జారితే లైను పక్కకే పడుతుంది.

చేయాల్సింది: వీలైతే కింద నుంచి టవర్ గానీ బూమ్ లిఫ్టు గానీ పెట్టి పని. తప్పక పైకి వెళ్లాలంటే కనీసం రెండు పర్లిన్ల (రేకుల్ని మోసే అడ్డ కమ్మీల) మీద ఆనే నడక పలకలు, అవి జారకుండా కట్టడం, కింద వల, ట్రస్సుకు కట్టిన లైఫ్‌లైన్. ఫైబర్ రేకుల్ని ముందుగా కింద నుంచి గుర్తించి, పైన వాటి చుట్టూ రంగు గీత గీయించండి. మొత్తం కప్పు మారుస్తుంటే పాత రేకులు తీసేవాడు ఎప్పుడూ పలక మీదే ఉండాలి. షెడ్డు లోపల, సరిగ్గా ఆ పని కింద, ఎవరినీ తిరగనివ్వకండి.

9. ఝూలా మీద రంగుల పని

బీచ్ రోడ్డు వైపు బిల్డింగులకు ఉప్పుగాలి వల్ల రంగులు త్వరగా పాడవుతాయి, కాబట్టి తాళ్లకు వేలాడే బల్ల, అంటే ఝూలా, మీద చేసే ఈ పని ఇక్కడ ఎక్కువ. ఒకే మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఝూలా వేలాడే తాడు వేరు, మనిషి లైఫ్‌లైన్ వేరు. ఒక్కొక్కరికీ విడి లైఫ్‌లైన్, విడి చోట కట్టింది, దాని మీద పట్టేసే రోప్ గ్రాబ్. తాళ్లు పిట్టగోడకు కాదు, కాలమ్‌కో బీమ్‌కో కట్టాలి. పిట్టగోడ అంచున తాడు రాపిడికి గోనె సంచి చాలదు, మందపాటి రబ్బరు గానీ ఎడ్జ్ ప్రొటెక్టర్ గానీ పెట్టాలి. పక్కనే 11 కేవీ లైను వెళ్తుంటే కరెంటు ఆఫీసుకు ముందుగా రాసి సరఫరా ఆపించుకోకుండా ఝూలా దించకండి.

10. మనుషులు

పైకి పంపే ముందు వైద్య పరీక్ష చేయించండి: కళ్లు, బీపీ, మూర్ఛ, తల తిరగడం. ఇండస్ట్రీల్లో ఎత్తు మీద పనికి అనుమతిచ్చే హైట్ పాస్ ఇచ్చేది ఇవి చూశాకే. అడ్డా మీద నుంచి ఆ రోజుకు తెచ్చుకున్న మనిషిని నేరుగా పైకి పంపొద్దు. అతనికి కింద పని ఇవ్వండి. ఖాళీ కడుపుతో వచ్చాడా, రాత్రి నిద్ర ఉందా, మందు తాగాడా అని ఉదయం మాట్లాడితే తెలిసిపోతుంది. అడగడం తప్పు కాదు.

విశాఖ సైట్లలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లతోపాటు ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. తెలుగులో చెప్పి సంతకం పెట్టించుకుంటే అది శిక్షణ కాదు. ఒక అడుగు ఎత్తులో బీమ్ పెట్టి, హార్నెస్ వేయించి, ఒక హుక్ తీసి ఇంకోటి పెడుతూ వాళ్లచేత నడిపించండి. భాష తెలియకపోయినా చేతులు నేర్చుకుంటాయి. తడబడినవాడికి మరో రోజు మళ్లీ చేయించండి.

పైన పని ఆపమని అడిగిన మనిషికి ఆ రోజు కూలీ కోయకండి. ఒక్కసారి కోస్తే ఇంకెవరూ నోరు విప్పరు.

11. పర్మిటు, వాతావరణం

పర్మిటు ఒక పేజీ చాలు: ఎక్కడ, ఏ పని, ఎవరెవరు, హుక్ ఎక్కడ, కింద ఎంత ఖాళీ, రక్షించేది ఎలా, ఎన్ని గంటల దాకా. దాన్ని ఆఫీసులో కూర్చుని నింపొద్దు. పని జరిగే చోట నిలబడి, హుక్ తగిలించే చోటును చేత్తో ముట్టుకుని నింపాలి. రోజుకో పర్మిటు.

తుఫాను హెచ్చరిక కేంద్రం విశాఖలోనే ఉంది. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఉదయం దాని బులెటిన్ చూశాకే పని మొదలుపెట్టండి. ఋషికొండ, కైలాసగిరి వైపు ఎత్తైన సైట్లలో కింద లేని గాలి పైన ఉంటుంది. రేకు, షట్టరింగ్ షీటు లాంటి వెడల్పాటి వస్తువులు మోయడం అలాంటప్పుడు ముందు ఆపాలి. వేసవిలో మధ్యాహ్నం స్టీలు చేయి పెట్టలేనంత కాలుతుంది, చెమటకు పట్టు జారుతుంది. ఆ రెండు మూడు గంటల పనిని పొద్దున్నే, సాయంత్రం పూటకు సర్దండి.

12. వేలాడుతున్న మనిషిని దించడం

బెల్టు పని చేసింది, మనిషి గాల్లో వేలాడుతున్నాడు. ఇప్పుడేం చేస్తారు? దీనికి జవాబు లేకుండా పని మొదలుపెట్టకూడదు. కదలకుండా వేలాడితే తొడ పట్టీల కింద రక్తం కాళ్లలో నిలిచిపోయి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. ఫైరింజన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. కింద నుంచి చేరే బూమ్ లిఫ్టు, పరంజా నిచ్చెన, లేదా పైన నుంచి లాగే కప్పీ కిట్టు, వీటిలో ఏది వాడతారో, ఎవరు వాడతారో ముందే రాసి ఉండాలి. ఇసుక బస్తాను హార్నెస్‌లో కట్టి వేలాడదీసి, దించి చూడండి. మొదటిసారి ఎంత ఆలస్యమవుతుందో చూస్తేనే ఏ సామాను లేదో అర్థమవుతుంది. హార్నెస్‌కు రెండు చిన్న పాదం పట్టీలు కుట్టించిన రకం దొరుకుతుంది. స్పృహలో ఉన్నవాడు అందులో కాలు పెట్టి నిలబడితే రక్తం ఆడుతుంది. దించేవాళ్లు చేరేదాకా కాళ్లు ఆడిస్తూనే ఉండమని కింద నుంచి చెప్పండి.

దించాక పడుకోబెట్టాలి, ఊపిరి చూడాలి. కూర్చోబెట్టి ఉంచాలన్న పాత సలహాను ఇప్పుడు పాటించడం లేదు. నేల మీద పడిన మనిషినైతే చంకల కింద పట్టుకుని ఆటోలో ఎక్కించకండి, వెన్ను విరిగి ఉంటే ఆ మోతతోనే కాళ్లు చచ్చుబడవచ్చు. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. అంబులెన్సుకు చెప్పే గుర్తులు, గేటు పేరు బోర్డు మీద రాసి ఉంటే కంగారులో ఫోన్ చేసేవాడికి తడబాటు ఉండదు.

13. విప్పడం

పని ముగింపులో అందరికీ తొందర ఉంటుంది, కంచెలు ఊడేదీ అప్పుడే. పరంజా పైనుంచి కిందికి, కట్టిన క్రమానికి తలకిందులుగా విప్పాలి. టైలు ముందే తీసేసి తర్వాత పైపులు దించకూడదు. పైపులు కిందికి విసరకుండా తాడుతో దించాలి. లైఫ్‌లైన్ అన్నిటికంటే చివర. దాన్ని విప్పే ఆఖరి మనిషి దేనికి హుక్ తగిలిస్తాడో పర్మిటులో ఆ రోజు విడిగా రాయండి. లిఫ్టు గుంతల మూతలు లిఫ్టు కంపెనీ వాళ్లకు అప్పగించినట్టు, ఇంకా ఖాళీగా ఉన్న అంచుల జాబితా తర్వాతి కాంట్రాక్టరుకు ఇచ్చినట్టు సంతకం తీసుకున్నాకే సామాను లారీ ఎక్కించండి.